గోలలోంచి ఒక్క గొంతును ఏరే విద్య

ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. అయినా అవతలివాళ్ల మాట ముక్కలు ముక్కలుగా వినబడుతుంది. ‘హలో, వినబడతా ఉందా?’ అని నాలుగుసార్లు అరిచి, మిద్దెక్కి, అటూ ఇటూ తిరిగి, చివరికి ‘మళ్లీ చేస్తాలే’ అని పెట్టేస్తాం. అదే ఫోన్, అదే మిద్దె, అదే టవర్. రాత్రి పదకొండు దాటాక మాత్రం సినిమా కూడా ఆగకుండా ఆడుతుంది. ఫోన్ మంచిదే, టవర్ మంచిదే అయితే పగటిపూట అడ్డం పడుతున్నది ఎవరు?

ఈ ప్రశ్న వేసుకోవడానికి గుడుపల్లె మండలం తగిన చోటు. చిత్తూరు జిల్లా కొసన, కుప్పాన్ని ఆనుకుని ఉన్న ఈ మండలానికి ఒక పక్క కర్ణాటకలోని కేజీఎఫ్ ప్రాంతం, కాస్త దూరంలోనే తమిళనాడు. మనుషులకూ లారీలకూ చెక్‌పోస్టులుంటాయి గానీ రేడియో తరంగాలకు ఉండవు. ఇంట్లో మంచం మీద కూర్చుని ఉండగానే పక్క రాష్ట్రానికి స్వాగతం పలుకుతూ ఎస్సెమ్మెస్ రావడం సరిహద్దు పల్లెల్లో మామూలే. మన ఫోన్‌కు అందేది మన టవర్ ఒక్కటే కాదని ఆ ఎస్సెమ్మెస్సే సాక్ష్యం.

సిగ్నల్ గీతలు ప్రధానంగా బలాన్ని లెక్కగడతాయి, స్పష్టతను కాదు. మన టవర్ ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి. దాంతోపాటు ఇంకెవరెవరు వినబడుతున్నారో చెప్పవు. పగలు మన టవర్ దగ్గర రద్దీ పెరుగుతుంది, చుట్టుపక్కల టవర్ల నుంచి వచ్చిపడే సంకేతాలూ పెరుగుతాయి. రాత్రి రెండూ తగ్గుతాయి. గీతలు మారకపోయినా మాట తేటపడేది అందుకే.

ఇలా వచ్చిపడే పరాయి సంకేతాన్ని ఇంజనీర్లు ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. ఇక్కడ దాన్ని అడ్డు సంకేతం అనుకుందాం. చాలాకాలం దాని నుంచి తప్పించుకు తిరగడమే మార్గమనుకున్నారు. గత నలభై ఏళ్లలో ఇంకో దారి తెరుచుకుంది. అడ్డు సంకేతాన్ని శ్రద్ధగా విని, దాని రూపం పట్టుకుని, వచ్చిన మొత్తంలోంచి దాన్ని తీసివేయడం ఆ దారి. దాని పేరు ఇంటర్‌ఫియరెన్స్ క్యాన్సిలేషన్. పరిస్థితి మారినప్పుడల్లా తన లెక్క తానే దిద్దుకుంటే అది అడాప్టివ్ అవుతుంది.

## ఒకే గాలి, వందల గొంతులు

ఒక టవర్ కింద వందలమంది ఉంటారు. వాళ్లందరి ఫోన్లూ ఒకే గాలిలోకి తరంగాలు వదులుతాయి. ఎవరిది ఎవరిదో తెలియాలంటే పంపకం ఉండాలి.

మొదటి పంపకం ఫ్రీక్వెన్సీని బట్టి. ఆకాశవాణి కేంద్రాలు ఒక్కోటి ఒక్కో నంబరు దగ్గర దొరికేది ఈ పద్ధతిలోనే. రెండోది కాలాన్ని బట్టి. 2జీ నాటి జీఎస్ఎంలో ఒక్కో ఫ్రీక్వెన్సీని ఎనిమిది వంతులుగా చేసి, సెకనులో అతి చిన్న భాగం ఒకరికి, తర్వాతిది ఇంకొకరికి ఇచ్చారు. ఈ రెండింటిలోనూ ఒకరి వంతులోకి ఇంకొకరు రాకుండా కంచె వేయడమే సూత్రం.

మూడోది సీడీఎంఏ. ఇందులో కంచెలు లేవు. అందరూ ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడతారు. ప్రతి ఫోన్‌కూ ప్లస్సులు, మైనస్సులు కలిసిన ఒక పొడవాటి వరస ఉంటుంది. ఆ ఫోన్ పంపే ప్రతి బిట్టూ ఆ వరస ముద్ర వేసుకునే బయల్దేరుతుంది. టవర్ తన దగ్గరున్న అదే వరసను వచ్చిన సంకేతం మీద పెట్టి గుణించి, అన్నీ కూడుతుంది. ముద్ర కలిసిన సంకేతం పోగుపడుతుంది. కలవనివి ప్లస్సూ మైనస్సూ కొట్టుకుని చాలావరకు తగ్గిపోతాయి.

మన దేశంలో ఈ సీడీఎంఏ సేవ ముందుగా మొదలైంది ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే, టాటా టెలీసర్వీసెస్ చేతుల మీదుగా. 2002 డిసెంబరు చివర్లో రిలయన్స్ దేశమంతటా ఇదే పద్ధతితో దిగింది. ఆ తర్వాత వచ్చిన 3జీ కూడా ఈ ముద్రల సూత్రం మీదే నడిచింది.

‘చాలావరకు తగ్గిపోతాయి’ అన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. ఫోన్లన్నీ ఒకే క్షణంలో మొదలుపెట్టవు, ఒకే దూరంలోనూ ఉండవు. అందువల్ల ముద్రలు ఒకదానికొకటి సరిగ్గా కొట్టుకుపోక, ప్రతి ఫోన్ నుంచీ కాస్త మిగులు ఉండిపోతుంది. ఆ ఫోన్ బలమైనదైతే దాని మిగులే బలహీనుడి అసలు మాట కన్నా పెద్దదవుతుంది.

## దగ్గరవాడి అరుపు, దూరపువాడి గుసగుస

టవర్‌కు 100 మీటర్ల దూరంలో బస్టాండులో ఒకరు, 5 కిలోమీటర్ల దూరాన గుట్ట కింద పొలంలో ఒకరు ఉన్నారనుకుందాం. రెండో ఫోన్ 50 రెట్లు దూరం. అడ్డంకులేమీ లేని చోట తరంగ బలం దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, పొలంలోంచి చేరేది బస్టాండు నుంచి చేరే బలంలో 2,500వ వంతు. నేల, చెట్లు, గుట్టలు ఉన్నచోట తరుగుదల ఇంకా వేగంగా ఉంటుంది. దూరపు నాలుగో ఘాతాన్ని బట్టి తగ్గిందనుకుంటే తేడా 62,50,000 రెట్లు. బస్టాండు ఫోన్ వదిలే మిగులులో నూరో వంతు చాలు, పొలంలోని రైతు మాట గల్లంతవడానికి.

సీడీఎంఏ దీనికి కనిపెట్టిన మందు బలం అదుపు. ‘నువ్వు తగ్గు, నువ్వు పెంచు’ అని టవర్ ప్రతి ఫోన్‌కూ ఆదేశాలు పంపుతూనే ఉంటుంది. తొలితరం సీడీఎంఏలో సెకనుకు 800 సార్లు, 3జీలో సెకనుకు 1,500 సార్లు. అందరి సంకేతాలూ టవర్ దగ్గరికి సమానమైన బలంతో చేరాలన్నదే ఉద్దేశం.

మందు పనిచేసింది గానీ దానికి రెండు హద్దులున్నాయి. ఒకటి, దూరపు ఫోన్ ఎంత పెంచినా ఒక మేరకే. మామూలు 4జీ ఫోన్ గరిష్ఠ బలం వాటులో ఐదో వంతు. రెండోది సరిహద్దు వాళ్లకు ముఖ్యం: టవర్ తన కింది ఫోన్లను మాత్రమే అదుపు చేయగలదు. మన దేశంలో స్పెక్ట్రమ్‌ను సర్కిల్ వారీగా వేలం వేస్తారు. మొత్తం 22 సర్కిళ్లు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇప్పటికీ ఒకే సర్కిల్. కర్ణాటక వేరు, తమిళనాడు వేరు. ఒకే ఫ్రీక్వెన్సీ సరిహద్దుకు ఇటు ఒక కంపెనీ చేతిలో, అటు మరో కంపెనీ చేతిలో ఉండే వీలుంది. అవతలి కంపెనీ ఫోన్‌ను తగ్గమని చెప్పే హక్కు ఇవతలి టవర్‌కు లేదు.

మాట వినేవాణ్ని అదుపు చేయవచ్చు. విననివాణ్ని ఏం చేయాలి?

## జాతరలో మైకు

కుప్పం గంగమ్మ జాతరలో మైకు పక్కనే నిలబడ్డారనుకోండి. పాత సినిమా పాట హోరెత్తిపోతోంది. పక్కనున్న వదిన ఏదో చెబుతోంది. ఆ పాట మీకు కంఠతా వచ్చినదైతే వదిన మాట ఎంతోకొంత పట్టుకోగలరు. తర్వాత ఏ పదం రాబోతోందో, ఎక్కడ రాగం సాగుతుందో మీ మనసుకు ముందే తెలుసు. దాన్ని పక్కకు నెట్టి మిగిలినది వింటుంది. అదే ఎప్పుడూ వినని పాటైతే ఏది పాటో ఏది వదిన మాటో విడదీయడం కష్టం. అసలు పాటే కాక జనరేటర్ హోరైతే పక్కకు నెట్టడానికి అందులో పట్టు దొరకదు.

రేడియో రిసీవర్‌కు కూడా రెండు రకాల గొడవలు ఎదురవుతాయి. ఒకటి రొద. ఎలక్ట్రాన్ల వేడి కదలికల వల్ల ప్రతి సర్క్యూట్‌లోనూ పుట్టేది. దానికి క్రమం లేదు. వచ్చే క్షణంలో ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. రెండోది అడ్డు సంకేతం. అది ఇంకొకరి మాట. దానికి ముద్ర ఉంది, లయ ఉంది, నియమం ఉంది. వినడానికి రెండూ గొడవే అయినా, ఒకటి తెలుసుకోలేనిది, మరొకటి తెలుసుకోగలిగినది. తెలిసినదాన్ని తీసివేయవచ్చు. ఈ రంగంలో జరిగిన పరిశోధన అంతా ఈ ఒక్క తేడా మీద నిలబడింది.

జాతరలో మనసు ఉజ్జాయింపుగా చేసే పనిని రిసీవర్ లెక్కగా చేస్తుంది. ఆ లెక్క ఎంత సులువో చూడాలంటే నాలుగే నాలుగు అంకెలు చాలు.

## బాక్స్: నాలుగు అంకెల్లో కిటుకు

బస్టాండు ఫోన్ ముద్ర: ప్లస్, ప్లస్, ప్లస్, మైనస్. బలం 10.
పొలం ఫోన్ ముద్ర: ప్లస్, ప్లస్, ప్లస్, ప్లస్. బలం 1.

బస్టాండు ఫోన్ ‘కాదు’ అని పంపింది. ‘కాదు’ అంటే ముద్ర మొత్తం తిరగబడుతుంది: −10, −10, −10, +10.
పొలం ఫోన్ ‘అవును’ అని పంపింది: +1, +1, +1, +1.
గాలిలో రెండూ కలిసి టవర్‌కు చేరింది: −9, −9, −9, +11.

మామూలు రిసీవర్ పొలం ముద్రను పెట్టి నాలుగూ కూడి సగటు తీస్తే −4 వస్తుంది. మైనస్ కాబట్టి ‘కాదు’ అని రాసుకుంటుంది. తప్పు! రైతు చెప్పింది ‘అవును’.

ఇప్పుడు తీసివేత. ముందు బలమైనదాన్నే పట్టుకుందాం. బస్టాండు ముద్రతో గుణించి సగటు తీస్తే −9.5. అంటే ‘కాదు’, బలం సుమారు 9.5. అసలు బలం 10, మన అంచనా కాస్త తక్కువ, ఫర్వాలేదు. ఆ లెక్కన బస్టాండు సంకేతాన్ని మళ్లీ తయారుచేసి మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది: 0.5, 0.5, 0.5, 1.5. పొలం ముద్రతో సగటు +0.75. ప్లస్ కాబట్టి ‘అవును’. రైతు మాట దక్కింది.

ఇక్కడితో ఆగనక్కర్లేదు. పొలం సంకేతం 0.75 అని తెలిసింది గనుక దాన్ని అసలు మొత్తంలోంచి తీసి, బస్టాండు అంచనాను మళ్లీ వేస్తే 9.5 కాస్తా 9.875 అవుతుంది. దాన్ని తీసేసి పొలం అంచనా మళ్లీ వేస్తే 0.75 కాస్తా 0.9375. తిప్పిన ప్రతిసారీ రెండు అంకెలూ నిజానికి దగ్గరవుతాయి.

మరి మొదటి అడుగే తడబడితే? బస్టాండు ఫోన్ ‘అవును’ అందని పొరబడి, బలం 10 అనుకుని తీసివేశామంటే మిగిలేది −19, −19, −19, +21. తీసివేత కాస్తా కూడిక అయింది. ఉన్న గొడవ రెట్టింపు అయింది.

## ఉస్మానియా పట్టభద్రుడి మలుపు

దగ్గరవాడు దూరపువాణ్ని మింగేయడం ప్రకృతి నియమమని 1980ల దాకా చాలామంది అనుకునేవారు. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన సెర్గియో వెర్డూ 1986లో అచ్చయిన పరిశోధనలో అది ప్రకృతి లోపం కాదు, రిసీవర్ లోపమని తేల్చారు. ఒక్కొక్కరి మాటనే విడిగా వెతుకుతూ మిగతావాళ్లను రొదగా లెక్కేస్తే దూరపువాడు ఓడిపోతాడు. అందరి మాటలనూ ఒకేసారి, కలిపి ఊహిస్తే ఓడిపోనక్కర్లేదు.

అయితే ఆయన చూపిన ఆదర్శ పద్ధతికి ఖర్చు విపరీతం. ప్రతి ఫోన్‌కూ ‘అవును, కాదు’ అని రెండేసి అవకాశాలు. పది ఫోన్లుంటే 1,024 కలయికలు పరీక్షించాలి. ఇరవై ఉంటే 10,48,576. ముప్పై ఉంటే 107 కోట్లు దాటుతాయి. ఒక్కో ఫోన్ పెరిగినప్పుడల్లా పని రెట్టింపు. ఆనాటి చిప్పులకే కాదు, ఏనాటి చిప్పులకైనా ఇది కొండంత బరువు.

దాన్ని ఆచరణలోకి దించే దారులు వెతికినవాళ్లలో మహేశ్ వారణాసి ఒకరు. హైదరాబాదులో పుట్టి, 1984లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. తర్వాత అమెరికాలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. అక్కడి అధ్యాపకుడు బెహ్నామ్ ఆజాంగ్‌తో కలిసి 1990లో ప్రచురించిన పత్రంలో అంచెలంచెల పద్ధతిని ప్రతిపాదించారు. మొదటి అంచెలో అందరి మాటలనూ ఉజ్జాయింపుగా ఊహించాలి. రెండో అంచెలో ప్రతి ఒక్కరికీ మిగతా అందరి ఊహలనూ తీసేసి మళ్లీ అంచనా వేయాలి. మూడో అంచెలో ఆ మెరుగైన అంచనాలతో మరోసారి. బాక్సులో 9.5 కాస్తా 9.875 అయింది ఈ ఆలోచనతోనే. ఇందులో కోట్ల కలయికలు లేవు. ఫోన్ల సంఖ్య పెరిగినా పని అదుపులోనే ఉంటుంది. వారణాసి ఆ తర్వాత కొలరాడో విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

అదే 1990లో క్వాల్‌కామ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆండ్రూ విటర్బీ వరస పద్ధతిని ముందుకు తెచ్చారు. అందరినీ ఒకేసారి కాకుండా, అందరికన్నా బలమైనదాన్ని ముందు తేల్చి తీసేయాలి. తర్వాత మిగిలినవాటిలో బలమైనదాన్ని. అలా చివరికి బలహీనుడి వంతు వస్తుంది. అప్పటికి అతని ముందు గోల ఉండదు.

ఈ వరసలో ఒక విచిత్రం దాగి ఉంది. అడ్డు సంకేతం ఎంత బలమైనదైతే దాన్ని గుర్తించడం అంత సులువు. గుర్తిస్తే తీసేయడమూ సులువే. అడ్డు సంకేతం మరీ బలంగా ఉంటే అసలు లేనట్టే లెక్క అని బ్రెజిల్ శాస్త్రవేత్త ఐదానో కార్లెయాల్ 1975లోనే గణితంగా చూపారు. మరీ బలహీనమైతే పట్టించుకోనక్కర్లేదు. అసలు పీడ మధ్యస్థుడితోనే. తోసిపుచ్చలేనంత పెద్దవాడు, పోల్చుకోలేనంత చిన్నవాడు. సరిహద్దు పల్లెలో ఇవతలి టవర్, అవతలి టవర్ సమ ఉజ్జీగా వినబడతాయి. అందుకే అక్కడి చిక్కు అన్నిటికన్నా మొండిది.

## రైలెక్కిన ఫోన్‌తో ఎలా?

బాక్సులో బలం స్థిరంగా ఉందనుకున్నాం. నిజంలో అది ఒక్కక్షణం నిలవదు. గుడుపల్లె స్టేషన్ బెంగళూరు, జోలార్‌పేట రైలు మార్గం మీద ఉంది. కుప్పం వైపు నుంచి పొద్దున్నే పనులకు బెంగళూరు వెళ్లే జనంతో రైళ్లు కిక్కిరిసి ఉంటాయి. అందరి చేతుల్లోనూ ఫోన్లే. రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే టవర్‌కు ఏమవుతుందో చూద్దాం.

ఫోన్ తరంగం టవర్‌కు ఒకే దారిన రాదు. కొంత నేరుగా, కొంత గుట్టలకూ మిద్దెలకూ తగిలి తిరిగి వస్తుంది. ఆ దారులు ఒకచోట కలిసివచ్చి బలపడతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 2 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 15 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే ఏడున్నర సెంటీమీటర్లు కదిలితే చాలు, బలంగా ఉన్నది బలహీనం కావచ్చు. ఆ వేగంతో పోయే రైలు అంత దూరాన్ని 3 మిల్లీసెకన్ల లోపే దాటుతుంది. అంటే టవర్ వేసుకున్న ‘బలం 10’ అన్న లెక్క సెకనుకు కొన్ని వందలసార్లు పాతబడుతుంది. పాత లెక్కతో తీసివేస్తే బాక్సు చివర్లో చూసిన గతే పడుతుంది.

దీనికి విరుగుడు సెల్‌ఫోన్లు పుట్టకముందే తయారై ఉంది. 1960లో స్టాన్‌ఫర్డ్‌లో బెర్నార్డ్ విడ్రో, ఆయన విద్యార్థి టెడ్ హాఫ్ ఒక సరళమైన పద్ధతిని ప్రకటించారు. ఈ హాఫే తర్వాత ఇంటెల్‌లో చేరి తొలి మైక్రోప్రాసెసర్ రూపకర్తల్లో ఒకరయ్యారు. పద్ధతి ఇది: ఒక అంచనా వేయి. దాని ప్రకారం తీసివేయి. మిగిలినదాన్ని చూడు. అందులో తీసేయాల్సినవాడి ఛాయ ఇంకా ప్లస్ వైపు కనబడితే అంచనా తక్కువైందని అర్థం, కాస్త పెంచు. మైనస్ వైపు కనబడితే ఎక్కువైంది, కాస్త తగ్గించు. మళ్లీ మొదలుపెట్టు. ప్రతి అడుగుకూ కొన్ని గుణకారాలు, కొన్ని కూడికలు, అంతే. తన తప్పునే గురువుగా చేసుకుని ఇది సెకనుకు వేలసార్లు, లక్షలసార్లు దిద్దుకోగలదు.

ఈ పద్ధతి శక్తి ఏమిటో 1975లో విడ్రో బృందం వైద్యంలో చూపింది. గర్భిణి పొట్ట మీద ఎలక్ట్రోడ్ పెడితే బిడ్డ గుండె సంకేతాన్ని తల్లి గుండె సంకేతం కప్పేస్తుంది. వాళ్లు తల్లి ఛాతీ మీద వేరే ఎలక్ట్రోడ్లు పెట్టి ఆమె గుండె సంకేతాన్ని విడిగా తీసుకున్నారు. దాన్ని సరైన మోతాదుకు దిద్దుకుంటూ పొట్ట మీది సంకేతంలోంచి తీసివేశారు. బిడ్డ గుండె లయ బయటపడింది. బలమైనదాన్ని తెలుసుకుని తీసేస్తే బలహీనమైనది దొరుకుతుందన్న సూత్రమే ఇక్కడా.

‘కాస్త పెంచు’ అనడంలో ఆ కాస్త ఎంత అన్నది నేర్పుతో తేల్చాల్సిన సంగతి. పెద్ద అడుగులు వేస్తే రైలు వేగాన్ని అందుకోవచ్చు గానీ అంచనా నిలకడ లేకుండా ఊగుతుంది. చిన్న అడుగులైతే నిలకడ వస్తుంది గానీ రైలు దాటిపోతుంది. పొలంలో కూర్చున్న ఫోన్‌కు ఒక అడుగు, రైల్లో ఉన్న ఫోన్‌కు ఇంకో అడుగు కావాలి.

మొదట్లో ఈ దిద్దుబాటుకు ముందే తెలిసిన పాఠం కావాల్సి వచ్చేది. ఫోన్ నడుమనడుమ టవర్‌కు తెలిసిన బిట్లనే పంపుతుంది. వచ్చినదాన్ని వాటితో పోల్చి టవర్ తప్పు కొలుచుకుంటుంది. 1995లో మైకేల్ హోనిగ్, ఉపమన్యు మధో, వెర్డూ కలిసి పాఠం లేకుండానే నేర్చుకునే దారి చూపారు. మన ముద్రతో వచ్చేదాన్ని తగ్గకుండా బిగించి పెట్టి, రిసీవర్ నుంచి బయటికొచ్చే మొత్తం శక్తిని వీలైనంత తగ్గిస్తూ పోవాలి. మనది తగ్గదు కాబట్టి తగ్గేదంతా పరాయిదే. పక్కవాడి ముద్ర ఏమిటో తెలియకపోయినా అతన్ని అణచవచ్చు. అవతలి కంపెనీ ఫోన్ల వివరాలు ఇవతలి టవర్‌కు తెలియని చోట ఇలాంటి ఆలోచనే అక్కరకొస్తుంది.

## బాక్స్: నా మాట పక్కవాడి ఫోన్ వింటుందా?

పక్క సంకేతాన్ని అర్థం చేసుకుని తీసేస్తారంటే సహజంగా వచ్చే అనుమానం ఇది. ఇక్కడ అర్థం చేసుకోవడమంటే గాలిలో పోయే ప్లస్సులు, మైనస్సుల వరసను పోల్చుకోవడం మాత్రమే. ఆ వరస తాళం వేసిన రూపంలో, అంటే ఎన్‌క్రిప్ట్ అయి వస్తుంది. తాళంచెవి మీ సిమ్‌లోనూ మీ కంపెనీ దగ్గరా ఉంటుంది. తీసివేసే చిప్పుకు తాళం తీయాల్సిన అవసరమే లేదు. పైరూపం తెలిస్తే చాలు. పని అయ్యాక ఆ వరసను పారేస్తుంది.

## 4జీ, 5జీల్లో ఇదంతా ఎక్కడుంది?

4జీ వచ్చాక మళ్లీ పంపకం మారింది. ఒక టవర్ తన కింది ఫోన్లకు సన్నని ఫ్రీక్వెన్సీ పోగులను విడివిడిగా పంచుతుంది. అందువల్ల ఒకే టవర్ కింద ఒకరి మీద ఒకరు పడటం బాగా తగ్గింది. కానీ స్పెక్ట్రమ్ ఖరీదైన సరుకు కావడంతో పక్కపక్క టవర్లన్నీ అవే పోగులను వాడుకుంటాయి. ఇంటి లోపలి తగాదా తీరింది, ఊళ్ల మధ్య తగాదా మిగిలింది. మొదట్లో చెప్పిన ‘నిండు గీతలు, తెగే మాట’కు మూలం ముఖ్యంగా ఇదే.

దీని మీద ఇప్పుడు వాడే బలమైన ఆయుధం ఒకటికి మించిన యాంటెన్నాలు. ఒక దిక్కు నుంచి వచ్చే తరంగం కొన్ని సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు యాంటెన్నాలకు కొంచెం తేడాతో చేరుతుంది. ఆ తేడా కనిపెట్టి, ఒకదాని సంకేతాన్ని సరిపడా జరిపి, రెండోదానిలోంచి తీసేస్తే ఆ దిక్కు నుంచి వచ్చేది మాయమవుతుంది. మిగతా దిక్కులవి మిగులుతాయి. ఎంత జరపాలి, ఎంత మోతాదులో తీయాలి అన్నది దిద్దుకునేది మళ్లీ పై పద్ధతుల వంశమే. రెండు యాంటెన్నాలుంటే ఒక అడ్డు సంకేతాన్ని మూయవచ్చు. ఆదర్శ పరిస్థితుల్లో ఎన్ని యాంటెన్నాలుంటే దానికి ఒకటి తక్కువగా అడ్డు సంకేతాలను మూయవచ్చు. 2022 అక్టోబరులో మన దేశంలో 5జీ మొదలైనప్పటి నుంచి టవర్ల మీద కనబడుతున్న పలకల్లాంటి పెట్టెల్లో 64 యాంటెన్నాల దాకా ఉండేవి ఉన్నాయి. చేతిలోని ఫోన్‌లో కూడా కనీసం రెండు ఉండటం ఇప్పుడు మామూలు.

4జీ ప్రమాణాల్లో ఇంకో అడుగు కూడా పడింది. పక్క టవర్ ఎలాంటి రూపంలో పంపుతోందో మన టవరే మన ఫోన్‌కు సూచనలిచ్చి, తీసివేతకు సాయపడే విధానాన్ని ప్రమాణాల 12వ విడతలో చేర్చారు. జాతర మాటల్లో చెప్పాలంటే, మైకులో ఏ పాట వేస్తున్నారో ముందే చెవిలో చెప్పడం.

దూరపు పల్లె మాటను ప్రపంచ ప్రమాణాల్లోకి తెచ్చిన ప్రయత్నం ఒకటి మన దగ్గర నుంచే జరిగింది. మన దేశపు ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్ఐ తరఫున ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, సీవిట్ సంస్థల పరిశోధకులు 5జీఐ అనే రూపాన్ని సిద్ధం చేశారు. ఐఐటీ హైదరాబాద్‌లో కిరణ్ కూచి బృందం ఇందులో ముఖ్యపాత్ర వహించింది. మన గ్రామాలకు టవర్ల మధ్య 6 కిలోమీటర్ల ఎడం ఉన్నా సేవ అందాలని వాళ్ల వాదన. ఆప్టికల్ ఫైబర్ చేరే గ్రామ పంచాయతీ దగ్గర ఒక టవర్ పెడితే చుట్టూ 3 కిలోమీటర్లు అందాలన్నది లెక్క. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఈ పరీక్షను 5జీ అర్హతల్లో చేర్చింది. దూరపు ఫోన్ తన చిన్న బలాన్ని వృథా కాకుండా పూర్తిగా వాడుకునే తరంగ రూపం ఇందులో ముఖ్యమైనది. అది గొంతు పెంచే పని. తీసివేత గోల తగ్గించే పని. పల్లెకు రెండూ కావాలి.

## ఎవరికి లాభం, ఎంత ఖర్చు

తీసివేత ఉచితం కాదు. ప్రతి లెక్కకూ కరెంటు కావాలి. టవర్‌కు ఫర్వాలేదు, ఫోన్‌లోనైతే అది బ్యాటరీ లోంచే రావాలి. చౌక ఫోన్లలో యాంటెన్నాలు తక్కువ, చిప్పు బలమూ తక్కువ. ఒకరి తర్వాత ఒకరిని తీసే పద్ధతిలో చివరివాడి వంతు వచ్చేసరికి ఆలస్యమూ పోగుపడుతుంది. మొదటి అంచనా తప్పితే ఆ తప్పు కింది వరస అంతటికీ పాకుతుంది. కావాలనే ఇద్దరి సంకేతాలను ఒకదాని మీద ఒకటి పంపి, తీసివేతతో విడదీసుకునే నోమా అనే పద్ధతిని 5జీ కోసం విస్తారంగా పరిశీలించారు. లాభం ఖర్చుకు తగినంత కనబడక దాన్ని 5జీ ఫోన్ల ప్రమాణంలో పెట్టకుండా అధ్యయనం దగ్గరే ఆపేశారు.

అయినా ఈ విద్యకు విలువ పెరుగుతూనే ఉంటుంది. స్పెక్ట్రమ్‌ను కొత్తగా తయారుచేయలేం. వేలానికి వచ్చేది ఉన్నదే. చిప్పుల లెక్కల వేగం మాత్రం పెరుగుతూ వచ్చింది, ధర తగ్గుతూ వచ్చింది. ఉన్న గాలిలోనే ఎక్కువ మాటలు పట్టించాలంటే లెక్కలు ఎక్కువ చేయడమే దారి.

ఇక లాభం ఎవరికి? టవర్ కింద నిలబడ్డవాడికి ఈ తీసివేత ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. అతని మాట ఎలాగూ వినబడుతుంది. తేడా అంతా అంచున ఉన్నవాడికే: రెండు టవర్ల మధ్య, రెండు సర్కిళ్ల మధ్య, గుట్ట చాటున ఉన్న ఫోన్‌కు. నెట్‌వర్క్ బాగుందో లేదో పట్నం నడిబొడ్డున స్పీడ్ కొలిచి, సగటు తీసి చెప్పడం వల్ల ఆ తేడా ఎప్పటికీ లెక్కలోకి రాదు. కొలవాల్సింది గీతలను కాదు, సరిహద్దు పల్లెలో మిట్టమధ్యాహ్నం రద్దీ వేళ ఒక మాట తెగకుండా అవతలికి చేరిందా లేదా అన్నది. ఆ కొలత అడగడం మొదలుపెడితే, ఇప్పటికే చిప్పుల్లో ఉన్న విద్యను పూర్తిగా వాడక కంపెనీలకు తప్పదు.